పొదికత్తి, చూరుకత్తి

మారన్నకు కాలు ఒకచోట నిలవదని కంప్లి పక్క ఎమ్మిగనూరులో అందరికీ తెలుసు. గడ్డానికి నురగ పూసి, "ఇప్పుడే వస్తా"నని లేచి, వీధి మలుపు దాకా పోయి ఎవరు వస్తున్నారో చూసి వచ్చే మంగలి మరెక్కడైనా ఉంటాడా? కూర్చున్నవాడి మొహాన నురగ ఎండి చర్మం బిగుసుకుపోతుంది. వాడు తిడతాడు. మారన్న ఆ తిట్లు వింటూనే కత్తిని తోలుపట్టె మీద అటూ ఇటూ లాగి పని మొదలు పెడతాడు. ఇక అక్కడి నుంచి ఆ చెయ్యి చూడాలి. కాళ్లకు లేని నిలకడంతా దేవుడు ఆ చేతికే ఇచ్చాడు. అందుకే తిట్టినవాడే మళ్లీ వస్తాడు. మారన్న తల మాత్రం నున్నటి బట్టతల. "నీ తల గొరిగే పని ఏ మంగలికీ పెట్టలేదు గదప్పా దేవుడు" అని ఊరంతా ఎగతాళి.

అతనికి రెండు కత్తులు ఉండేవి. రెండూ ఒక జోడు. వాళ్ల నాయన కాలంలో బళ్ళారి దండులో ఒక తెల్లదొర సామాను వేలం వేస్తే పాడుకొని తెచ్చినవి. అందులో ఒకటి మంగలి సామాను పెట్టుకునే పొదిలో ఉంటుంది. పెండ్లికొడుకులకూ, పసిబిడ్డలకూ, రోజువారీ గడ్డాలకూ అదే. దాన్ని పొదికత్తి అంటారు. రెండోది చావు జరిగిన ఇంటికి పోతుంది. తలకొరివి పెట్టిన కొడుకులకు తల గొరగడానికి తప్ప దాన్ని బయటికి తియ్యరు. పని కాగానే కడిగి, ఇంటి బయట చూరులో చెక్కేస్తాడు. అది గడప లోపలికి రాదు, పొదిలో చేరదు. దాన్ని నూరే రాయి కూడా వేరు. అది చూరుకత్తి.

రెండూ కలిసిపోకుండా వాళ్ల నాయన చూరుకత్తి అలుగు వెనక ఉండే తోక మీద ఆకురాయితో ఒక గాటు పెట్టాడు. ఆ గాటు చూడాల్సిన అవసరం కూడా మారన్నకు ఎప్పుడూ రాలేదు. రోజూ నూరి నూరి పొదికత్తి సన్నబడిపోయింది. ఎప్పుడో ఒకసారి పనికొచ్చే చూరుకత్తి వెడల్పుగా, బరువుగా ఉండేది. కళ్లు మూసుకొని చేతిలో పెట్టినా ఏది ఏదో చెప్పగలడు.

ఇదంతా తిమ్మమ్మ ఇంటి పుట్టువెంట్రుకల వల్ల తారుమారైంది.

తిమ్మమ్మది ఊళ్లో పెద్ద సేద్యం. కాలువ కింద వరిమడులు, చెరకు తోట, ఈమధ్య ఖనిజం తోలే లారీ ఒకటి. ఏమున్నా మనమళ్లు నిలవలేదు. కోడలు ప్రమీలమ్మకు ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ ఏడాది నిండకుండానే పోయారు. మూడోవాణ్ణి భూమ్మీదికి తెచ్చింది మారన్న భార్య పక్కీరమ్మ. మంత్రసాని పనిలో ఆమెది మంచి చెయ్యి. కాళ్లు ముందు వచ్చిన బిడ్డను తిప్పి, లాగి, ఊపిరి తీసుకోకపోతే నోట్లో నోరు పెట్టి ఊది బతికించింది. వాడికి నెట్టికంటి స్వామి పేరు మీద నెట్టికంటప్ప అని పేరు పెట్టారు. పక్కీరమ్మకు పిల్లల్లేరు. ఏదో ఒక వంకతో రోజూ పోయి వాణ్ణి ఒకసారి ఎత్తుకొని వస్తేగాని ఆమెకు ముద్ద దిగేది కాదు.

పుట్టువెంట్రుకలకు మంచిరోజు చూసుకున్నాక తిమ్మమ్మ మారన్నను పిలిపించింది. పొది విప్పమంది. కత్తి చేతిలోకి తీసుకోకుండా వంగి చూసింది.

"ఏం మారన్నా, దీంతోనేనా నా మనమని తల ముట్టేది? ఎన్ని తుప్పు మచ్చలుండాయో సూడు."

"రాయి మీద నూరుకొస్తా లేమ్మా."

"రాయీ గీయీ కాదు. కంప్లిలో ఎవరో కరెంటు చక్రం పెట్టినారంటనే, ఆడికి పోయి మెరుగు పెట్టించుకొని రా. కత్తి మాత్రం మార్చకు. నా కొడుక్కి తీసింది ఈ కత్తే. కొత్త కత్తి పసిబిడ్డ తల మీద పెట్టకూడదు. వేరే మంగలి కత్తి ఎన్ని చావులు చూసిందో ఎవరికి తెల్సు? ఇద్దర్ని మన్నుపాలు చేసుకొన్నదాన్నప్పా నేను. నాకు భయం."

ఆ చివరి మాట అనేటప్పుడు తిమ్మమ్మ గొంతు పెద్దింటి గొంతులా లేదు. మారన్నకు ఆ మాటే మనసులో నాటుకుంది.

మరునాడు పొద్దున్నే చెరకు బండి ఎక్కి కంప్లికి బయలుదేరాడు. బయలుదేరేముందు చూరు వైపు చూశాడు. అక్కడే అతని బుద్ధి గడ్డి తిన్నది. చూరుకత్తికి తుప్పు ఇంకా ఎక్కువ. మొన్న ఒక చావింట్లో అది పట్టి పట్టి లాగితే, తండ్రి పోయినప్పుడు ఏడవని కొడుకు తల గొరిగేటప్పుడు ఏడ్చాడు. ఎలాగూ పోతున్నాం గదా, దీన్నీ పెట్టించుకొస్తే పోలా అనుకున్నాడు. వేరే గుడ్డలో చుట్టి, వేరే జేబులో వేసుకున్నాడు. ఆ మాత్రం తెలివి ఉంది, ఎవరు కాదన్నారు?

కంప్లికి కరెంటు వచ్చి ఏడాది కూడా కాలేదు. తుంగభద్ర డ్యాము కరెంటుతో బజారులో మొదట తిరిగింది పిండిమర, తర్వాత శివన్న సాన అంగడి. గోడకు మోటారు, దాని ఇరుసుకు చక్రం. పనిని బట్టి చక్రం విప్పి మరొకటి బిగిస్తాడు. బూడిదరంగు గరుకు రాయి ఒకటి, తెల్లటి సన్నరాయి ఒకటి. చెక్క చక్రానికి దున్నపోతు తోలు చుట్టి, జిగురు పూసి, గరుకు ఎమరీ రాతిపొడిలో దొర్లించి ఎండబెట్టిన తోలుచక్రం ఒకటి. పొరలు పొరలుగా గుడ్డ కుట్టిన గుడ్డచక్రాలు రెండు. గుడ్డచక్రాలకు పూసే మెరుగు ముద్దలను శివన్న సబ్బులు అంటాడు. నల్ల సబ్బు గీతలు తీస్తుంది, పచ్చ సబ్బు మొహం చూపిస్తుంది.

"బా మారన్నా, కూత్కో" అని కన్నడం కలిసిన మాటతో పిలిచి స్టూలు జరిపాడు శివన్న. మారన్న కూర్చోలేదు. అతను ఎప్పుడు కూర్చున్నాడు గనక?

రెండు కత్తులూ చూసి శివన్న గోటితో మచ్చ గీకాడు. "తుప్పు లోపలికి దిగిందప్పా. నీకేం బేకో చెప్పు. ఉత్త మెరుగు చాలంటే తోలుచక్రం, ఆమీద గుడ్డచక్రం. మచ్చలు కొంచెం ఉంటాయి, కత్తి మాత్రం నీ తర్వాత కూడా ఉంటాది. మచ్చ లేకుండా పోవల్లంటే రాతికి పెట్టల్ల. రాయి ఉక్కును తింటాది."

తోలుచక్రం చాలని మారన్న చెయ్యి చెబుతోంది. రోజూ కత్తి పట్టుకునే చెయ్యి కదా, దానికి తెలుసు. కానీ శివన్న అప్పుడే మెరుగు పెట్టి పక్కన పెట్టిన కొబ్బరికత్తి ఒకటి తళతళలాడుతోంది. మారన్న వంగి చూశాడు. అందులో తన బట్టతల, దాని వెనుక బజారు, ఎద్దుబండి, అన్నీ కనిపించాయి. తిమ్మమ్మ అన్న మాట గుర్తొచ్చింది.

"మచ్చ అనేది ఉండకూడదప్పా. అద్దం మాదిరి కావల్ల."

"రెండూనా?"

"రెండూ."

"రెండూ ఒకే పనికేనా?"

మారన్న చూపు మోటారు మీద పడింది. చావుకత్తి అంటే శివన్న తన చక్రానికి తగలనిస్తాడో లేదో. మొన్నే పూజ చేసి పసుపు కుంకుమ పెట్టిన మోటారు. "అవునప్పా, రెండూ ఒకటే. జోడు" అనేశాడు. ఆ ఒక్కమాట దాచకపోయి ఉంటే ఈ కథే లేదు.

సాయంత్రానికి తయారయ్యాయి. శివన్న రెండింటినీ ఒకే కాగితంలో చుట్టి ఇచ్చాడు. మారన్న దారి పొడవునా విప్పడం, మొహం చూసుకోవడం, మళ్లీ చుట్టడం. బండివాడికి చూపించాడు. ఎదురొచ్చినవాళ్లకు చూపించాడు. పగిలిన పాత పిడులు పీకేసి రెండింటికీ కొత్త కొమ్ము పిడులు వేశాడు శివన్న. కత్తులు కావు, రెండు అద్దాలు.

ఇంటికొచ్చి, చూరుకత్తి చూరులో పెట్టడానికి చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఏది పెట్టాలి?

తోక మీద గాటు కోసం చూశాడు. రెండు తోకలూ నున్నగా ఉన్నాయి. వెడల్పు చూశాడు. రెండూ ఒకే వెడల్పు. కళ్లు మూసుకొని ఒకటి ఈ చేతిలో, ఒకటి ఆ చేతిలో పట్టుకున్నాడు. ఒకే బరువు. చేతులు మార్చి చూశాడు. అప్పుడూ అంతే.

పక్కీరమ్మ చేట పట్టుకొని బయటికొచ్చి, "ఏమయ్యా, చూరు కింద తపస్సు చేస్తాండావా?" అంది.

చెప్పాడు. ఆమె చేట కింద పెట్టేసింది.

"రెండూ ఒక్క కాగితంలో చుట్టుకొని వచ్చినావా? బుద్ధుండల్ల. తమలపాకులా అవి, కట్ట కట్టి తెచ్చేకి?"

ఆ రోజు మారన్న అన్నం తినలేదు. అరుగు మీద పెట్టిన రెండు కత్తులనూ చూసి వీధిలోకి, వీధిలోంచి మళ్లీ కత్తుల దగ్గరికి. కాలుగాలిన పిల్లి కూడా అన్ని తిరుగుళ్లు తిరగదు. తెల్లవారితే మధ్యలో ఒక్క రోజు. ఆ తర్వాత పుట్టువెంట్రుకలు.

పొద్దున నడిచే కంప్లికి పోయాడు. శివన్న ఇంకా తలుపు తీయలేదు. తీసేదాకా అంగడి ముందు పచార్లు చేసి, తీయగానే గాటు మాట అడిగాడు.

"గాటా? అది నానే తీసేసినా. అట్లా గాటుంటే ఆడ మళ్లా తుప్పు చేరతాది" అన్నాడు శివన్న, మంచిపని చేసినవాడి మొహంతో.

"ఒకటి వెడల్పుండెనే?"

"జోడు అన్నావు కదప్పా. జోడంటే సమంగా ఉండల్ల. వెడల్పుదాన్ని రాతికి పెట్టి సన్నదానికి సమం చేసినా. నోడు, ఎంత కష్టపడినానో. కరెంటు పోతాదేమోనని తొందర. నీళ్లలో ముంచే దానికి కూడా పురసత్తు లేదు. అంచు కొంచెం వేడెక్కి నీలం తిరిగింది. ఆ నీలం కూడా సబ్బుతో తీసేసినాలే. కనపడదు."

మారన్న అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఏది? నీలం తిరిగింది ఏది?"

శివన్న రెండు కత్తులూ వెలుతురుకు పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. "గొత్తిల్లప్పా" అన్నాడు. ఎంత బాగా చేశాడంటే చేసినవాడికే తెలియదు.

అయినా మారన్నకు ఒక దారం కొన దొరికింది. ఉక్కు నీలం తిరిగేదాకా వేడెక్కితే గట్టిదనం పోతుందని ఏ మంగలికైనా తెలుసు. అట్లాంటి కత్తి నూరితే పదును వస్తుంది గాని నిలవదు. నాలుగు గీతలకు అంచు మడతపడుతుంది. ఎక్కువ అరగదీసింది వెడల్పుదాన్ని. కాబట్టి పదును నిలవని కత్తి చూరుకత్తి. నిలిచేది పొదికత్తి. ఎండలో పరుగులాంటి నడకతో మధ్యాహ్నానికి ఇల్లు చేరి, రెండింటినీ కొత్త రాయి మీద నూరి, కొత్త తోలు మీద లాగి, ముంజేతి మీద పెట్టి చూశాడు.

రెండూ నున్నగా గీశాయి. ఈ చేతి వెంట్రుకలు అయిపోయాయి, ఆ చేతివీ అయిపోయాయి. కాళ్లవి కూడా గీసుకున్నాడు. రెండూ గీస్తూనే ఉన్నాయి. ఆ పల్చటి నూగుకు ఏ కత్తి మొండిబారుతుంది? గడ్డమా, అతనిది అక్కడో వెంట్రుక ఇక్కడో వెంట్రుక. తల సంగతి ఊరంతటికీ తెలుసు. కట్టేసిన మేక వైపు చూశాడు.

"పనిలేని మంగలి పిల్లి తల గొరిగినాడంట. నువ్వు మేక దాకా వచ్చినావు" అంది పక్కీరమ్మ. "మేక బొచ్చులో ఉండేదంతా మన్ను. మంచి కత్తి కూడా మొండిదయి కూచుంటాది. ఇంగ తేడా ఎట్ల తెలుస్తాది?"

"మరి ఏం చెయ్యమంటావే? ఎవరినన్నా పిల్చి ఊరికే గొరుగుతానందునా? రెంట్లో ఒకటి చావుకత్తి. తెలిసి తెలిసి ఇంకొకరి తల మీద ఎట్ల పెట్టేది? పోయి తిమ్మమ్మకు చెప్పేస్తా. తన్నితే తన్నించుకుంటా."

"చెప్తే ఆయమ్మ ఈ ముహూర్తం ఆపేస్తాది. ఆపిన ముహూర్తం మంచిది కాదని మళ్లా ఏడుస్తాది. ఇప్పటికే బిడ్డకు జలుబు చేస్తే గుండె పట్టుకొంటాంది ఆ ప్రమీలమ్మ." పక్కీరమ్మ చెయ్యి కొప్పు మీదికి పోయింది. ముడి విప్పింది. జుట్టు నడుము దిగి పడింది. ఊళ్లో ఆడవాళ్లు ఆ జుట్టును చూసే, "మంగలోడి పెండ్లాము, కత్తెర తగలని జుట్టు" అనేవాళ్లు.

"రా. సగం దీంతో తియ్యి, సగం దాంతో తియ్యి. దీనికి మొండిబారంది ఇంగ దేనికీ మొండిబారదు."

మారన్నకు మొదట అర్థం కాలేదు. అయ్యాక అరిచాడు. "నీకేమన్నా పిచ్చా? మొగుడు బతికుండంగా నీ తల మీద చూరుకత్తి పెట్టమంటావా?"

"పెడితే ఏమయితాది? నువ్వు పోతావా?"

అతను రెండు కత్తులనూ వెనక్కి దాచుకున్నాడు.

"నీ చావుకు భయపడ్తాండావా, నా జుట్టుకు ఏడుస్తాండావా? పోతే నువ్వో నేనో పోతాం. ఎద్దులాంటోళ్లం, చూడాల్సింది చూసినాం. వాడు నిన్న మొన్న పుట్టినోడు. నా నోటి గాలి పోసి బతికించుకొన్నా వాణ్ణి. నెట్టికంటి స్వామికి మొక్కు అనుకో. ఊరికి కూడా అదే చెప్తా. మొక్కుకు తల ఇచ్చే ఆడోళ్లు ఎంతమంది లేరు? కూచో. ఈ ఒక్కసారన్నా కాలు నిలిపి కూచో."

పెరట్లో బట్టల రాయి మీద ఆమె కూర్చుంది. మారన్న వెనుక మోకాళ్ల మీద కూర్చున్నాడు. కత్తెరతో జుట్టు కురచ చేసి, నీళ్లతో తడిపి, మొదటి కత్తి కుడిపక్క పెట్టాడు. నడినెత్తి నుంచి చెవి దాకా ఒక్క గీత. మళ్లీ ఇంకొకటి. కత్తి గుడ్డ మీద జారినట్టు జారింది. ఒక్కచోట తట్టుకోలేదు. కుడిపక్క అంతా అయ్యేదాకా పదును అట్లే ఉంది. మారన్నకు కన్నీళ్లు వస్తున్నాయి. అయినా చెయ్యి తడబడలేదు.

రెండో కత్తి ఎడమపక్క పెట్టాడు. మొదట్లో అదీ అట్లే జారింది. ఇదీ ఆగకపోతే? ఇంత చేసీ తెలియకపోతే? చెవి పైకి వచ్చేసరికి కత్తి చిన్నగా పట్టింది. పక్కీరమ్మ భుజం ముడుచుకుంది. తోలు మీద లాగి మళ్లీ పెట్టాడు. రెండు గీతలు బాగా పోయి, మూడోదానికి వెంట్రుకలు పీకింది. అంచు వేలితో తడిమాడు. మడతపడింది.

"ఇదే" అన్నాడు.

ఇదే అయితే, ఇప్పుడు ఆమె తల మీద నడిచింది ఇదే. కొడుకులు తండ్రుల కోసం తల వంచితే గొరిగే కత్తి. దాన్ని దూరంగా మన్నులో గుచ్చి, మిగిలిన జుట్టును పొదికత్తితో తీశాడు. తర్వాత ఆకురాయి తెచ్చి, మన్నులో గుచ్చిన కత్తి తోక మీద గాటు పెట్టాడు. ఒకటి చాలదన్నట్టు ఇంకొకటి పెట్టాడు. బయటికి పోయి చూరులో చెక్కేసి వచ్చాడు.

పక్కీరమ్మ నీళ్ల తొట్టిలో మొహం చూసుకుంది. తల తడుముకుంది. "చల్లగుండాది" అంది. లోపలికి పోయి, రోజూ పెట్టుకునేదానికంటే పెద్ద బొట్టు పెట్టుకొని వచ్చింది.

తెల్లవారి తిమ్మమ్మ ఇంటి నిండా చుట్టాలు. పసుపుబట్ట తొడిగి నెట్టికంటప్పను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టారు. పళ్లెంలో పాలు, గరిక, పసుపు. పక్కీరమ్మ చీర కొంగు తల మీద కప్పుకొని గడప దాటి లోపలికి వచ్చింది. ఎవరో పిల్లది కొంగు పట్టుకుంటే జారింది. చుట్టాలంతా తలలు తిప్పి చూశారు.

"ఇదేందే పక్కీరీ!" అంది తిమ్మమ్మ.

"మొక్కు ఉండెనమ్మా. తీర్చుకొన్నా."

"మొక్కు మంచిదే. ఈపొద్దే కావల్నా? రేపు తీర్చుకోకూడదా?" తిమ్మమ్మ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. "శుభకార్యంలో బోడితల ఎదురు రాకూడదు. తప్పుగా అనుకోకు. బయట అరుగు మీద కూచో. అయినాక పిలుస్తా."

పక్కీరమ్మ కొంగు సర్దుకొని, గడప దాటి, అరుగు మీదికి పోయి కూర్చుంది.

మారన్న పొది విప్పాడు. తళతళలాడే కత్తిని చూసి చుట్టాలు ఆహా అన్నారు. తిమ్మమ్మ మొహం విచ్చుకుంది. మారన్న బిడ్డ తల తడిపాడు. కత్తి ఎత్తాడు. నెట్టికంటప్ప గుక్కపట్టి ఏడుస్తూ తల అటూ ఇటూ విసురుతున్నాడు. మేనమామ గట్టిగా పట్టుకున్నాడు. మారన్న కత్తిని దగ్గరికి తెచ్చాడు. చెయ్యి వణికింది. తన చెయ్యే. పెండ్లిళ్లలో, చావుల్లో, నిన్న భార్య తల మీద కూడా వణకని చెయ్యి.

కత్తిని పళ్లెంలో పెట్టేశాడు.

"అమ్మా, నావల్ల కాదు" అన్నాడు. "ముందు మీకు చెప్పేది ఒకటుండాది."

చెప్పాడు. రెండు కత్తులూ సానకు ఇచ్చింది, ఏది ఏదో తెలియకుండా తెచ్చుకుంది, అంతా. తిమ్మమ్మ లేచి నిలబడింది. "చూరుకత్తి నా ఇంట్లోకి తెచ్చినావా?"

"లేదమ్మా. అది చూరులో ఉండాది. ఇది పొదికత్తి, నీ కొడుక్కి తీసిందే. తెల్సుకొని తెచ్చినా. ఎట్ల తెల్సుకొన్నానో అడుగు." అతను అరుగు వైపు చెయ్యి చూపించాడు. "మీ బిడ్డ మీద చావుకత్తి పడకూడదని దాని తల ఇచ్చింది. చావుకత్తి బిడ్డకు బదులు దాని తల మీద నడిచింది. మొక్కంట! అది చేసిన దానికి నువ్వు దాన్ని బయట కూచోబెడితివి. నేను ఈడ ఎట్ల కూచునేది?"

గొంతు పెంచి మాట్లాడినందుకు తర్వాత అతనికే భయం వేసింది. అప్పటిదాకా అత్త ముందు తల ఎత్తి మాట్లాడని ప్రమీలమ్మ లేచింది. అన్న ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది. ముహూర్తం వేళ బిడ్డతో గడప దాటి బయటికి పోతుంటే చుట్టాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. ఆమె ఆగలేదు. అరుగు మీద పక్కీరమ్మ ఒళ్లో బిడ్డను పెట్టి పక్కనే కూర్చుంది.

"మారన్నా, ఈడికి రా. ఈడ తియ్యి" అంది.

మారన్న తిమ్మమ్మ వైపు చూశాడు. తిమ్మమ్మ అరుగు వైపు చూసింది. తర్వాత పాల పళ్లెం తానే ఎత్తుకొని అరుగు మీదికి నడిచింది.

నెట్టికంటప్ప ఇంకా ఏడుస్తున్నాడు. ఏడుస్తూ పక్కీరమ్మ మొహం మీదికి చెయ్యి చాపాడు. రోజూ పట్టుకొని లాగే జుట్టు చేతికి దొరకలేదు. నున్నటి తల దొరికింది. వింతగా తడిమాడు. అరచేత్తో తట్టాడు. ఏడుపు ఆపి మళ్లీ తట్టాడు. వాడు తడుముతూ ఉండగానే మారన్న కత్తి పెట్టాడు. చెయ్యి వణకలేదు. ఎక్కడా చిన్న గాటు కూడా పడలేదు.

అయిపోయాక తిమ్మమ్మ బిడ్డ తలకు పసుపు గంధం రాసింది. ఆ మిగిలిన గంధం పక్కీరమ్మ తలకు కూడా రాసింది. వెనక్కి జరిగి చూసింది. ఒళ్లో బోడితల బిడ్డ, ఎత్తుకున్నదానిది బోడితల, ఎదురుగా కూర్చున్న మారన్నది ఎప్పటి బోడితలే.

"ముగ్గురూ ఒక ఇంటోళ్ల మాదిరి ఉండారే" అంది తిమ్మమ్మ.

ఎవరేమన్నా తిప్పికొట్టే పక్కీరమ్మ ఆ మాటకు బిడ్డను గుండెకు అదుముకొని అందరి ముందూ బోరున ఏడ్చింది. మారన్న కత్తి తుడిచి పొదిలో పెట్టుకున్నాడు. పని అయిపోయింది. లేచిపోవచ్చు. అయినా ఆ పూట ఆమె ఏడుపు ఆగేదాకా అతను కూర్చున్నచోటే కూర్చున్నాడు.